మాట్లాడితే పోయే ఆముదం

అనగనగనగా, ఎర్రమట్టి నేలల్లో గానుగమిట్ట అని ఓ ఊరుండేది. దుప్పటి సరిగ్గా కప్పుకో, అటూ ఇటూ పొర్లితే చెప్పను. ఆ ఊళ్ళో వానలు తక్కువ. వరి పండదు, చెరుకు పండదు. ఏ చేను చూసినా ఆముదమే, ఏ దొడ్డి చూసినా ఆముదమే.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఓ అవ్వ ఉండేది. ఆవిడ వండిన ఆముదమంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గురి. పురిటిపిల్లల మాడుకి ఆవిడ ఆముదమే, బాలింతల నడుముకి ఆవిడ ఆముదమే. అన్నిటికంటే ముఖ్యంగా బిళ్ళలకి.

బిళ్ళంటే తెలుసా నీకు? నోట్లో వేసుకునేది కాదు. మెడకిందో, చంకలోనో, గజ్జలోనో గట్టిగా ఉండలాగా వాచి, ముట్టుకుంటే నొప్పెడుతుంది చూడు, అది. బిళ్ళ కట్టిందని ఎవరైనా వస్తే నాంచారమ్మ ముందు వాళ్ళని అరుగుమీద కూర్చోబెట్టి ప్రశ్నలమీద ప్రశ్నలేసేది. ఎక్కడ పడ్డావు, ఏం గుచ్చుకుంది, పన్ను సలుపుతోందా, చెవిపోటా అని తలనుంచి కాలిదాకా అడిగేది. ఆ తర్వాతే ఆముదపాకుకి నూనె రాసి, నిప్పులమీద వెచ్చజేసి, బిళ్ళమీద వేసి గుడ్డతో కట్టేది.

నాంచారమ్మకి ఒక్కడే కొడుకు, వీరనాగులు. కోడలి పేరు ఆదెమ్మ. వాళ్ళకో కూతురు, సింగారి. అయిదేళ్ళది. ఈ కథంతా ఆ సింగారిదే.

సింగారి పొద్దున లేచింది మొదలు వసపిట్టలా వాగుతూనే ఉండేది. కోడితో మాట్లాడేది, దూడతో మాట్లాడేది, ఎవరూ దొరక్కపోతే గోడతో మాట్లాడేది. నీకు తెలిసినవాళ్ళలో అలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో నాకైతే తెలీదమ్మా, నేనెవరి పేరూ చెప్పలేదు.

అయితే ఆ ఇంట్లో ఓ కట్టడి ఉండేది. ఆముదం వండేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు.

ఆముదం ఎలా వండుతారంటే, ముందు గింజలు మంగలంలో, అంటే వేపుడు పెంకులో, దోరగా వేయించాలి. అప్పుడు రోట్లో వేసి మెత్తగా దంచాలి. ఆ తర్వాత మరిగే నీళ్ళకుండలో ఆ ముద్ద వేసి, తెడ్డుతో కలుపుతూ కూర్చోవాలి. ఉడికి ఉడికి, నూనె మెల్లగా పైకి తేలుతుంది. అలా తేలేవేళ ఎవరైనా మాట్లాడితే దిష్టి తగిలి నూనె గుణం పోతుందని నాంచారమ్మకి వాళ్ళ అత్తగారు చెప్పింది. ఆవిడకి ఆవిడ అత్తగారు చెప్పిందట. ఆ పైన ఎవరు చెప్పారో నాకు తెలీదు, నన్నడక్కు.

అందుకని దొడ్లో పొయ్యి వెలిగిందంటే అందరికీ సైగలే. నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటికి పెట్టాలి. పుల్లలు కావాలంటే రెండుచేతులూ చాచి ఎత్తుకున్నట్టు చూపించాలి. ఓసారి పక్కింటావిడ మజ్జిగ కోసం వచ్చి, కవ్వం తిప్పినట్టు చేతులు తిప్పీ తిప్పీ విసిగిపోయి, ఉత్తిచెంబుతో తిరిగిపోయింది. నాంచారమ్మేమో ఆవిడ నడుం నొప్పి గురించి చెబుతోందనుకుని ఆముదం చూపించింది.

సరే, ఒకరోజు నాంచారమ్మ ఆముదం వండుతోంది. పుల్లలు కావాలని చేతులు చాచింది. సింగారి గబగబా పరుగెత్తి, దొడ్డి మూలనున్న తుమ్మకంపలోంచి పుల్లలు ఏరుకుంటోంది. అప్పుడు కాలి చిటికెనవేలి సందులో ముల్లు కసుక్కున దిగింది. సింగారి లాగింది. సగమే ఊడొచ్చింది, సగం విరిగి లోపలే ఉండిపోయింది.

సింగారి ఒంటికాలిమీద గెంతుకుంటూ అవ్వ దగ్గరికొచ్చింది. వచ్చి, "అవ్వా, ముల్లు..." అంది. అంతే. నాంచారమ్మ పెదవులమీద వేలుపెట్టి కళ్ళింతలు చేసి చూసింది. అప్పుడప్పుడే నూనె తేలబోతోంది మరి. సింగారి ఠక్కున నోరు మూసుకుంది.

ఆ తర్వాత నూనె తీయడం, వడకట్టడం, మళ్ళీ కాచడం, ఆ హడావిడిలో అవ్వ మరిచిపోయింది. కాలివేలి సందులో రక్తం కూడా ఆగిపోయి, చిన్న నల్లచుక్క మిగిలింది. కానీ సింగారి బుర్రలో మాత్రం ఒకటి నాటుకుపోయింది. ముల్లు మాట ఎత్తితే అవ్వ నూనె పోతుంది కాబోలు, అందుకే అంత కోపమొచ్చింది అనుకుంది. ఇక ఆ మాట ఎప్పుడూ ఎవరిదగ్గరా అనకూడదనుకుంది. అమ్మదగ్గర కూడా.

నవ్వకు. పుచ్చకాయ గింజ మింగేశాను, కడుపులో తీగ మొలుస్తుందని మొన్న ఇల్లంతా ఏకం చేసి ఏడ్చిందెవరు?

కొన్నాళ్ళకి సింగారి కుంటడం మొదలుపెట్టింది. ఆదెమ్మ ఎత్తుకుని చూస్తే పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. గజ్జలో చెయ్యి తగిలితే బేరుమంది. చూస్తే, ఉసిరికాయంత బిళ్ళ.

 ఊళ్ళోవాళ్ళకి ఎన్ని బిళ్ళలు కరిగించిందో నాంచారమ్మకే లెక్కలేదు. అయినా సొంత మనవరాలికి అనేసరికి ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వచ్చినవాళ్ళందరినీ తలనుంచి కాలిదాకా అడిగే మనిషి, సింగారిని ఒక్కమాట అడగలేదు. బిళ్ళ ఉంది కాబట్టి కుంటుతోంది అనుకుంది. కాలివైపు చూడనే లేదు. జ్వరమని ఒళ్ళు కడగడం కూడా మానేశారు, ఇంకెవరు చూస్తారు?

వెంటనే ఆకుకి నూనె రాసి, వెచ్చజేసి కట్టింది. బిళ్ళ తగ్గలేదు. మర్నాడూ కట్టింది. తగ్గలేదు సరికదా, ఎర్రబడింది. మరి తగ్గుతుందా? ముల్లు కాల్లో కూర్చుంటే గజ్జలో నూనె రాస్తే ఏం లాభం? నీకు తెలుసు, నాకు తెలుసు, పాపం నాంచారమ్మకి తెలీదు.

వీరనాగులు బెంగపెట్టుకున్నాడు. శుక్రవారం సంతకి బండ్లు పట్నం పోతాయి, పిల్లని తీసుకుపోయి చూపిస్తానన్నాడు. పట్నంలో ఇలాంటి బిళ్ళల్ని కత్తిపెట్టి కోసేస్తారట అని కూడా అన్నాడు. పిల్ల వినకూడదని మెల్లగానే అన్నాడు. పిల్లలకి మెల్లగా అన్నవే బాగా వినపడతాయి. సింగారి చాప మీదనుంచి పాక్కుంటూ పోయి, ధాన్యపు గాదె వెనక దాక్కుంది. బయటికి రమ్మంటే రాలేదు. తనని ఎవరూ కోయకూడదు, అంతే దానికి కావలసింది.

నాంచారమ్మ గాదె పక్కన కూలబడి, సంతలోపు నీ బిళ్ళ కరిగిస్తాను తల్లీ, నిన్ను కత్తి ముట్టుకోనివ్వను అని మాటిచ్చింది. అప్పుడు వచ్చింది సింగారి బయటికి.

మాటైతే ఇచ్చింది గానీ, ఎలా? నాంచారమ్మ ఆలోచించింది. నా ఆముదం ఎప్పుడూ వమ్ముకాలేదు, ఇప్పుడయిందంటే వండేటప్పుడు ఎవరో నోరు విప్పే ఉంటారనుకుంది. కోడల్ని నిలదీసింది. దూడ తాడు తెంపుకుంటే అయ్యో అన్నానత్తా అని ఆదెమ్మ ఒప్పుకుంది. నాంచారమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. పిల్ల ప్రాణంమీదికి తెచ్చావంది. ఆదెమ్మ పైట చెంగుతో కళ్ళొత్తుకుని, కొత్తగా గింజలు వేయించడానికి కూర్చుంది.

అలా మళ్ళీ వండారు. సింగారి పందిరి రాటకి ఆనుకుని కూర్చుంది. కాలు సలుపుతోంది. ముల్లు అని నోటితో అనకూడదు కాబట్టి, అవ్వ చీర లాగి కాలు చూపించింది. అవ్వకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలు నొప్పి, నాకు తెలుసులే తల్లీ, అదిగో నూనె అయిపోవచ్చింది అన్నట్టు తలూపి, పొయ్యివైపు చూపించింది. అంతలో వీరనాగులు చేలోంచి వచ్చి, కట్టడి సంగతి మరిచిపోయి, "అన్నమైందా?" అన్నాడు. నాంచారమ్మ తెడ్డు కింద పడేసింది. తేలిన నూనెంతా తీసి దీపాల కుండలో పోసేసింది. వీరనాగులు ఆ రోజంతా ఇంట్లోకి రావడానికి జంకాడు.

ఆ తర్వాత ఇంకోసారి వండారు. ఈసారి వీరనాగుల్ని పొద్దున్నే తరిమేశారు. దూడని పక్కింట్లో కట్టేశారు. కోళ్ళమీద గంప బోర్లించారు. ఆదెమ్మ ఊపిరికూడా గట్టిగా తీసుకోవడం లేదు. నూనె తేలుతోంది. అప్పుడు దంపుడు ధూళి ముక్కులో పోయి ఆదెమ్మ ఓ పెద్ద తుమ్ము తుమ్మింది. తుమ్ముకేం, అది మాట కాదుగదా. కానీ అలవాటుకొద్దీ నాంచారమ్మ నోట్లోంచే, "చిరంజీవ!" అని వచ్చేసింది.

సింగారికి అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. అవ్వ మాత్రం నవ్వలేదు. చెంపలేసుకుంది. ఆ నూనె కూడా దీపాల కుండలోకే పోయింది. ఆ కుండ అంచుదాకా నిండిపోయింది.

ఈలోగా బిళ్ళ నిమ్మకాయంత అయింది. సింగారి అన్నం మానేసింది. కోడితో మాట్లాడటం మానేసింది. గోడవైపు తిరిగి పడుకుంటోంది గానీ గోడతో కూడా మాట్లాడటం లేదు. తెల్లారితే సంత.

అప్పుడు నాంచారమ్మ కొడుకునీ కోడల్నీ ఇద్దరినీ చేలోకి పంపేసింది. వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా తిరిగి, ఇవాళ మా గుమ్మంలోకి ఎవరూ రావద్దని చేతులు పట్టుకుని బతిమాలింది. ఇంటికొచ్చి, గుడ్డ మడిచి తన నోటికే గట్టిగా కట్టుకుంది. పందిరి కింద నులకమంచం వేసి, సింగారిని దానిమీద పడుకోబెట్టి, పొయ్యి రాజేసింది.

ఇల్లంతా చిన్న చప్పుడైనా లేదు. కుండలో కుతకుతలు ఒక్కటే వినిపిస్తున్నాయి. సింగారికి కాలు పోట్లు పొడుస్తోంది. వేలి దగ్గర్నుంచి తొడదాకా ఒకటే సలపరం. అరవాలనిపిస్తోంది. కానీ ఈ నూనె కూడా పోతే రేపు కోసేస్తారు. అవ్వ ఇంత కష్టపడుతోంది, నా నోటిమూలంగా పోకూడదు అనుకుంది. అలా అనుకుని ఆ పిచ్చిపిల్ల రెండు చేతులూ నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టి చెవుల్లోకి పోతున్నాయి. ఒక్క శబ్దం రానివ్వలేదు.

నూనె తేలడం మొదలైంది. మనవరాలికి చూపిద్దామని నాంచారమ్మ సంతోషంగా ఇటు తిరిగింది.

చూసింది. ఆ చిన్ని చేతులు చూసింది, ఆ కళ్ళు చూసింది. గోడతో కూడా కబుర్లు చెప్పే పిల్ల, నొప్పితో మెలికలు తిరిగిపోతూ తన నోరు తనే నొక్కుకుని పడుకుంది. నాంచారమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరికోసం వండుతున్నానురా భగవంతుడా ఈ నూనె అనుకుంది. నోటికి కట్టుకున్న గుడ్డ లాగిపారేసి, మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"చెప్పు తల్లీ, ఎక్కడ?" అంది.

సింగారి బిత్తరపోయింది. అవ్వ మాట్లాడేసింది. చేతులు తీయకుండానే, వేళ్ళ సందుల్లోంచి, "నూనె పోద్ది అవ్వా" అంది.

"పోనీ. నూనెదేముంది, మళ్ళీ వండుకుంటా. నువ్వు చెప్పు."

అప్పుడు సింగారి చేతులు తీసింది. తీసి, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న ముల్లు మాట చెప్పేసింది. తుమ్మకంప దగ్గర గుచ్చుకున్న సంగతి చెప్పింది, సగం విరిగిన సంగతి చెప్పింది, ఆ మాట ఎత్తితే నూనె పోతుందని ఎవరికీ చెప్పలేదని చెప్పింది. చెబుతూ చెబుతూ గట్టిగా, ఊరంతా వినపడేలా ఏడ్చింది.

నాంచారమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచింది. చిటికెనవేలి సందు వాచి, చీము పట్టి, మధ్యలో నల్లటి ముల్లు మొన.  బిళ్ళ కట్టిన ప్రతివాడినీ ముందు ఇదే అడిగేదిగదా తను. కాసేపు పిల్లని గుండెలకి అదుముకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత చేతికందిన దీపాల కుండలోంచే ఇంత నూనె తీసి, గోరువెచ్చగా చేసి, వేలికి పట్టించింది. చర్మం మెత్తబడేదాకా ఓపిగ్గా రాసింది. సూదిని నిప్పులో కాల్చి, చల్లార్చి, మొన కొంచెం పైకి తెచ్చి, గోళ్ళతో పట్టుకుని ముల్లు లాగేసింది. వేడినీళ్ళతో పుండు శుభ్రంగా కడిగింది. ఆ ముల్లు తీసుకెళ్ళి పొయ్యిలో పారేసింది. పారేస్తూ తిట్టిన తిట్లు మాత్రం నీకు చెప్పను.

పొయ్యి దగ్గరికి పోయింది గదా, అప్పుడు కుండలోకి చూసింది. అవ్వ మాట్లాడింది, మనవరాలు మాట్లాడింది, ఏడుపులు, తిట్లు అన్నీ అయ్యాయి. నూనె మాత్రం ఎప్పుడూ ఎంత తేలుతుందో అంతే తేలింది. చుక్క ఎక్కువా లేదు, చుక్క తక్కువా లేదు. నాంచారమ్మ ముక్కున వేలేసుకుని, ఆ కుండవైపు చాలాసేపు కోపంగా చూసింది.

చేలోంచి వచ్చిన ఆదెమ్మకి, వీరనాగులికి సంగతంతా సింగారే చెప్పింది. మొదట్నుంచి చివరిదాకా ఒకసారి చెప్పి, మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఆ సాయంత్రం ఇంత గంజి తాగింది.

మర్నాడు సంతబండిలో పట్నం తీసుకెళ్ళారు. అవును, వెళ్ళారు. ముల్లు తీసేశాం కదా చాలులే అనుకుని ఊరుకోలేదు. జ్వరమొచ్చిన పిల్ల, డాక్టరుకి చూపించకపోతే ఎలా? దారంతా సింగారి అవ్వ చెయ్యి వదల్లేదు. డాక్టరుగారు పుండు చూశారు, బిళ్ళ చూశారు, ముల్లు తీయడం మంచిపనైందన్నారు. మందు రాసిచ్చారు. కత్తి ఊసే ఎత్తలేదు. ఆ మందు వేసుకుంటూ, అవ్వ వెచ్చజేసిన ఆకు కట్టుకుంటూ ఉంటే, బిళ్ళ నిమ్మకాయనుంచి ఉసిరికాయై, ఉసిరికాయనుంచి రేగ్గింజై, ఓ పొద్దున వెతికితే కనపడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మళ్ళీ ఆముదం వండే రోజొచ్చింది. పొయ్యి వెలిగింది, కుండ ఎక్కింది. సింగారి అలవాటుగా పెదవులు బిగించుకుని పీటమీద కూర్చుంది. ఆదెమ్మ తల వంచుకుని గింజలు దంచుతోంది.

నాంచారమ్మ కాసేపు తెడ్డు తిప్పింది. తిప్పి, "మాట్లాడవేమే సింగారీ?" అంది. సింగారి ఒకసారి కుండవైపు చూసింది, ఒకసారి అవ్వవైపు చూసింది. ఆ తర్వాత గట్టు తెగినట్టు మొదలెట్టింది. కోడి ఏమందో చెప్పింది, దూడ ఏమందో చెప్పింది, గోడ ఏమందో కూడా చెప్పింది. అవ్వ అన్నిటికీ ఊఁ కొట్టింది.

సింగారి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నాంచారమ్మ కోడలివైపు తిరిగింది. ఆ రోజు దూడ విషయంలో తను అన్న మాట ఆవిడకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "ఆదెమ్మా, నువ్వూ ఏదన్నా చెప్పు. ఇన్నేళ్ళు ఈ పొయ్యి ముందు కూర్చున్నాం, మీ ఊరి కబురు ఒక్కటి నేనడగలేదు" అంది.

ఆదెమ్మ రోకలి పక్కనపెట్టింది.  అప్పుడు చిన్నగొంతుతో, వాళ్ళ అమ్మ ఎలా ఉండేదో చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ పోయి చాలాకాలమైంది, ఆ సంగతి ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదు. అలా చెబుతూ ఉంటే నాంచారమ్మ వింటూ, మధ్యమధ్య పైటతో కళ్ళు తుడుచుకుంటూ, తెడ్డు తిప్పడం మానేసింది. నూనె ఎప్పుడు తేలిందో ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు.

ఏదీ, ఇటు తిరుగు. నీకెక్కడైనా నొప్పిగా ఉందా? స్కూల్లో ఎవరైనా ఏమన్నా అన్నారా? ఉంటే చెప్పు, అమ్మమ్మ పని ఎప్పుడూ ఉండేదే. లేదా? నిజంగానా? సరే, ఇక కళ్ళు మూసుకో మరి.

కథ పోయె కంచికి,
ముల్లు పోయె మంటకి,
నొప్పి పోయె ఏటికి,
కునుకు వచ్చె కంటికి.